ఇంగ్లండు పల్లెలో మా ఇంటి తోటను ఒకరోజు చారిటీ కోసం తెరవాలనుంది, ఎలా మొదలుపెట్టాలి?

ప్రశ్న

అందరికీ నమస్కారం. మేం హెరిఫర్డ్‌షైర్‌లో ఒక చిన్న పల్లెలో ఉంటున్నాం. నల్ల దూలాలు, తెల్ల గోడల పాత కాటేజీ. ముందు కొంచెం, వెనక ఎక్కువ తోట ఉంది, అంతా కలిపినా పావు ఎకరం ఉండదు. గులాబీలు, ఫాక్స్‌గ్లవ్, హాలీహాక్, లావెండర్, మధ్యలో నాలుగు కూరగాయల మళ్లు. పదకొండేళ్లుగా నేనే పెంచుతున్నాను.

పోయిన చలికాలం మా పక్కింటి పెద్దావిడ క్యాన్సర్‌తో పోయారు. నా తోటలో సగం మొక్కలు ఆవిడ ఇచ్చిన పిలకలే. చివరి మూడు వారాలు రాత్రిళ్లు ఒక నర్సు వచ్చి ఆవిడ పక్కనే కూర్చునేది. అది దగ్గరుండి చూశాక అలాంటి నర్సుల కోసం ఏదైనా చెయ్యాలని మనసులో పడిపోయింది. ఇక్కడ వేసవిలో పసుపురంగు పోస్టర్లు పెట్టి తోటలు తెరుస్తారు కదా, అలా వచ్చే జూన్‌లో ఒక ఆదివారం మా తోట కూడా తెరవాలని ఉంది.

ఇంత చిన్న తోట పనికొస్తుందా? పర్మిషన్, ఇన్సూరెన్స్ లాంటివి ఎవరు చూస్తారు? టీతో పాటు మన వంటలు పెట్టవచ్చా? మా వీధిలో ఒక కారే పడుతుంది, కార్లు ఎక్కడ పెట్టాలి? ఎవరైనా జారి పడితే? అనుకున్నప్పటి నుంచి సంతోషం ఎంత ఉందో టెన్షన్ అంత ఉంది. చేసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

జవాబు (కెంట్ నుంచి)

అమ్మా, మేం ఏడేళ్లుగా తెరుస్తున్నాం. మీ పక్కింటావిడ గురించి చదివాక ఉన్నపళంగా రాయాలనిపించింది. ఎందుకంటే మీరు అనుకుంటున్న పనికి, ఆ నర్సులకి చాలా పాత బంధం ఉంది.

ఆ పసుపు పోస్టర్లు నేషనల్ గార్డెన్ స్కీమ్ వాళ్లవి. అది మొదలైందే నర్సుల కోసం. 1859లో లివర్‌పూల్‌లో విలియం రాత్‌బోన్ అనే వ్యాపారి, తన భార్య చివరి రోజుల్లో సేవ చేసిన నర్సునే ఊళ్లో పేదల ఇళ్లకు పంపాడు. ఇంటికొచ్చి చూసే జిల్లా నర్సుల వ్యవస్థ అలా పుట్టింది. ఆ నర్సులకు డబ్బు కావలసి వచ్చినప్పుడు ఎల్సీ వాగ్ అనే ఆవిడ, తోటలున్నవాళ్లు వాటిని తెరిచి తలకో షిల్లింగు తీసుకుంటే ఎలా ఉంటుందని అడిగింది. 1927లో 609 తోటలు తెరిచారు, 8,191 పౌండ్లు వచ్చాయి. పౌండుకి ఇరవై షిల్లింగులు కాబట్టి, షిల్లింగు లెక్కన చూస్తే లక్షా అరవై వేల మందికి పైనే వచ్చినట్టు. ఇప్పుడు ఇంగ్లండు, వేల్స్ కలిపి మూడు వేలకు పైగా తోటలు తెరుస్తున్నారు. ఆ డబ్బు జిల్లా నర్సులకు అండగా ఉండే సంస్థకి, మేరీ క్యూరీ, మ్యాక్‌మిలన్ అనే చారిటీలకి, చివరి రోజుల్లో ఉన్నవాళ్లని చూసుకునే హాస్పిస్‌ల లాంటి చోట్లకు వెళ్తుంది. మీరు చూసినలాంటి రాత్రి నర్సుల పనికి ఇలాంటి డబ్బు కూడా తోడవుతుంది.

ఇక మీ సందేహాలు. ముందు మీ కౌంటీలో ఉన్న స్కీమ్ వాలంటీర్లకు రాయండి, ఒకరు వచ్చి తోట చూస్తారు. వాళ్లు చూసేది ఎన్ని ఎకరాలని కాదు. వచ్చినవాళ్లకి ముప్పావు గంట చూడడానికి సరిపడా ఉందా, తోటకి తనదంటూ ఒక పోకడ ఉందా అన్నది చూస్తారు. మీ ఒక్క తోటకే అంతసేపు పట్టదు అనిపిస్తే, అదే ఊళ్లో ఇంకో రెండు మూడు ఇళ్లవాళ్లతో కలిపి ఒకే టికెట్ మీద తెరవవచ్చు. చిన్న కాటేజీ తోటలకి అదే మేలని నా గట్టి నమ్మకం. జనం ఒక్కచోటే గుమిగూడరు, టీ పని, గేటు పని పంచుకోవచ్చు. వచ్చే జూన్ అంటున్నారు కాబట్టి ఈ వేసవిలోనే, పూలుండగానే పిలవండి. వాళ్ల వార్షిక పుస్తకంలో పేరు రావాలంటే ముందు ఏడాదే అన్నీ తేలిపోవాలి.

పోస్టర్లు, బాణం గుర్తులు వాళ్లే ఇస్తారు. జనం వచ్చే రోజుకి పబ్లిక్ లయబిలిటీ ఇన్సూరెన్స్, అంటే వచ్చినవాళ్లకి దెబ్బ తగిలితే పనికొచ్చేది, వాళ్ల పాలసీ కిందే ఉంటుంది. అయినా ఆ కాగితం అడిగి తీసుకుని చదవండి, మీ ఇంటి ఇన్సూరెన్స్ వాళ్లకీ ఒక మెయిల్ పెట్టండి. టికెట్ ధర వాళ్లతో మాట్లాడి పెట్టుకోవడమే. చిన్న తోటలకి ఐదు పౌండ్ల చుట్టుపక్కల ఉంటుంది, పిల్లలకి మామూలుగా ఉచితం.

నేను ఎక్కువగా చెప్పాలనుకున్నది ఇదీ. మొదటి ఏడాది మేం మూడు నెలలు పూల వెనకే పరిగెత్తాం, మనుషులు ఎలా నడుస్తారో ఆలోచించలేదు. ముందు రోజు వాన పడింది. ఇంటి వెనక నీడలో పాత ఇటుక దారి మీద పాచి ఉంది. మాకు అలవాటైన దారి కదా, మా కంటికి ఆనలేదు. ఒక పెద్దాయన జారి మోచెయ్యి కొట్టుకున్నారు. దెబ్బ చిన్నదే, ఆయన మమ్మల్ని ఒక్క మాట అనలేదు, కానీ ఆ సాయంత్రం నాకు అన్నం సహించలేదు. అప్పటి నుంచి తెరిచే రోజుకి నెల ముందు ఒక పని చేస్తాం. డెబ్బై దాటిన స్నేహితురాలిని పిలిచి, గేటు దగ్గర నుంచి ఆవిడ నడుస్తుంటే వెనక నేను నడుస్తాను. ఆవిడ ఎక్కడ ఆగినా, ఎక్కడ చెయ్యి ఆసరా వెతుక్కున్నా రాసుకుంటాను. పాచి గీకడం, కదిలే రాయి సర్దడం, మెట్టు అంచుకి తెల్ల రంగు, కంటి ఎత్తులో వేలాడే గులాబీ కొమ్మ కట్టెయ్యడం, అన్నీ ఆ చీటీ లోంచే వస్తాయి. తోటలో చిన్న కొలను ఉంటే పక్కన ఒక మనిషిని కుర్చీ వేసి కూర్చోబెట్టండి. పురుగుమందులు, పనిముట్లు ఉన్న షెడ్డుకి తాళం వెయ్యండి, ఇంటికీ అంతే.

టాయిలెట్ గురించి మీరు అడగలేదు, కానీ పల్లె కాటేజీ అంటున్నారు కాబట్టి సెప్టిక్ ట్యాంకే అయ్యుంటుంది. రెండు వందల మందిని అది తట్టుకోదు. ఊరి హాలు దగ్గర్లో ఉంటే ఆ మధ్యాహ్నానికి అడిగి, దారి చూపించే బోర్డు పెట్టండి.

జవాబు (లెస్టర్ నుంచి)

నేను తోట తెరవలేదు, కానీ మూడేళ్లు మా స్నేహితుల తోటలో టీ టేబుల్ చూసుకున్నాను. మన వంటలు తప్పకుండా పెట్టండి. కేకులు ఉండాలి, స్పాంజి, లెమన్ కేకు లేకపోతే జనం వెలితి పడతారు. వాటి పక్కన పెట్టిన నా పులిహోర గిన్నె మూడున్నరకల్లా ఖాళీ అయ్యేది.

ఒక్క జాగ్రత్త. ఈ దేశంలో చట్టం గుర్తించిన అలర్జీ పదార్థాలు పద్నాలుగు. వాటిలో గోధుమ, పాలు, గుడ్డు, వేరుశెనగ, జీడిపప్పు సంగతి అందరికీ గుర్తుంటుంది. ఆవాలు, నువ్వులు కూడా అదే జాబితాలో ఉన్నాయని మనకి తట్టదు. మన ప్రతి పోపులో ఆవాలే కదా. ఇంకొకటి ఇంగువ. డబ్బాలో వచ్చే పొడి ఇంగువలో చాలావాటిలో గోధుమ పిండి కలిపి ఉంటుంది, పులిహోర బియ్యమే కదా అని గ్లూటెన్ పడనివాళ్లకి పెట్టేస్తే కష్టం. డబ్బా మీద చదవండి. ప్రతి గిన్నె ముందు చిన్న కార్డు మీద ఏమేం ఉన్నాయో పెద్ద అక్షరాలతో రాయండి, గరిటెలు వేరుగా పెట్టండి. టీ డబ్బులు ఎక్కడికి వెళ్తున్నాయో కూడా రాసి పెట్టండి. కొన్ని ఊళ్లలో టికెట్ డబ్బు స్కీమ్‌కి, టీ డబ్బు ఊరి హాలుకి అనుకుంటారు. ముందే ఒప్పుకుని బోర్డు మీద రాస్తే ఏ మాటా రాదు.

ప్రశ్న అడిగినవారు

అక్కా, ఇద్దరికీ చాలా థ్యాంక్స్. ఆ నర్సుల కథ మా ఆయనకి చదివి వినిపించాను, ఇద్దరం కాసేపు మాట్లాడుకోలేకపోయాం. ఎదురింటివాళ్లు, చర్చి పక్క ఇంటివాళ్లు కలుస్తామన్నారు, కాబట్టి మూడు తోటలు అవుతాయి. ఇంకో రెండు అడగనా? జూన్ చివరి ఆదివారానికి పూలన్నీ ఒకేసారి ఎలా ఉంచాలి? నా గులాబీలు ఒక్కో ఏడాది జూన్ మధ్యకే అయిపోతాయి. మొక్కలు అమ్మవచ్చా? పక్కింటావిడ ఇచ్చిన హార్డీ జెరేనియం పిలకలు తీసి కుండీల్లో పెడదామనుకుంటున్నాను.

జవాబు (కెంట్ నుంచి)

మూడు తోటలు చాలా మంచి లెక్క అమ్మా.

పూలన్నీ ఒకే రోజుకి రావు, రావాలని అనుకోకండి. చెయ్యగలిగేది పూత కాలాన్ని సాగదీయడం. ఇక్కడివాళ్లు చెల్సీ చాప్ అంటారు, మే చివర్లో చెల్సీ పూల ప్రదర్శన జరిగే రోజుల్లో చేస్తారు కాబట్టి ఆ పేరు. ఫ్లాక్స్, సెడమ్, హెలీనియం లాంటి వాటి కాడల్ని మూడో వంతు నుంచి సగం దాకా కత్తిరిస్తే పూత కొన్ని వారాలు వెనక్కి పోతుంది. అయితే ఇవన్నీ జూలై నుంచి పూసేవి, జూన్ ఆదివారానికి ఆదుకోవు. మీకు జూన్‌లో పనికొచ్చేది క్యాట్‌మింట్. ఒక గుంపులో సగం కాడలు మే మొదట్లో కత్తిరించి సగం వదిలెయ్యండి, ముందు పూసినవి వాడేలోపు రెండోవి అందుకుంటాయి. గులాబీలకి వాడిన పూలు రోజూ తుంచడమే మందు. స్వీట్ పీ పూలు కొయ్యకపోతే కాయ కట్టి పూత ఆపేస్తుంది, కాబట్టి కొయ్యడానికి మనసొప్పకపోయినా కొయ్యాలి.

అన్నిటికన్నా నాకు ధైర్యం ఇచ్చేది కుండీలు. మాది కడియం పక్క ఊరు. నర్సరీల మధ్య పెరిగినదాన్ని, బంతి లేకుండా నా తోట ఉండదు. ఏప్రిల్‌లో కిటికీ దగ్గర బంతి గింజలు వేసి, మంచు భయం పోయాక మే చివర్లో ఇరవై కుండీలు బయట పెడతాను. ముందు రోజు సాయంత్రం ఎక్కడ మట్టి కనబడితే అక్కడ కుండీతో సహా దించుతాను. మా ఊరివాళ్లు ఇప్పుడు ఆ బంతిని చూడడానికే వస్తారు.

మొక్కలు తప్పక అమ్మండి. తోట చూసి ముచ్చటపడ్డ మొక్క గేటు దగ్గర కుండీలో కనిపిస్తే ఎవరూ ఆగలేరు. జెరేనియం పిలకలు ఈ శరదృతువులోనే విడదీసి కుండీల్లో పెట్టండి, జూన్‌కి వేళ్లు నిండుతాయి. ప్రతి కుండీకి పేరు, ఎండా నీడా, ఎంత ఎత్తు అవుతుందో రాయండి. ఫాక్స్‌గ్లవ్ అమ్మితే విషమని రాయాలి. మాంక్స్‌హుడ్ అయితే అసలు టేబుల్ మీద పెట్టకండి, అది మన వత్సనాభి జాతిదే. ఆవిడ పిలకల పక్కన మాత్రం అవి ఎవరి తోటలోంచి వచ్చాయో ఒక వాక్యం రాయండి. ఊరివాళ్లకి ఆవిడ తెలుసు కదా.

గేటు దగ్గర చిల్లర, నోట్లు పెట్టుకోండి. కార్డు మెషీన్ ఉన్నా మీ పల్లెలో సిగ్నల్ వస్తుందో లేదో ముందే చూడండి. కంకర దారి ఉంటే, మెట్లు ఉంటే, కుక్కల్ని రానివ్వకపోతే ఆ సంగతి తోట వివరంలోనే రాయండి, చక్రాల కుర్చీలో అంత దూరం వచ్చి గేటు దగ్గర తిరిగిపోవడం ఎవరికీ జరగకూడదు. సాయంత్రం డబ్బు ఇద్దరు కలిసి లెక్కపెట్టి, ఇద్దరూ సంతకం చేసి పంపండి.

మిగిలింది కార్లు. వీధిలో ఒక్క కారే పడుతుందంటున్నారు కాబట్టి పొలం తప్పదు. పొలం ఉన్న రైతుని ఈ నెలలోనే వెళ్లి అడగండి. జూన్ చివర అంటే చాలా పొలాల్లో ఎండుగడ్డి కోసమని పెంచిన గడ్డి నడుము దాకా ఉంటుంది, కోత ఇంకా అయి ఉండదు. ఆయనకి ఇప్పుడే తెలిస్తే పశువులు మేసే పొలం ఏదైనా ఒక వారం ముందు ఖాళీ చేసి ఇవ్వగలడు. వాన పడితే బురదలో దిగిన కారుని లాగడానికి ట్రాక్టర్‌తో ఎవరు ఉంటారో కూడా అప్పుడే అడగండి. వెళ్లేటప్పుడు ఒక గిన్నెడు పులిహోర తీసుకెళ్లండి, ఆవాలు వేశానని చెప్పి మరీ ఇవ్వండి.