కలెక్టరాఫీసు డౌన్‌లో దిగి నడిపిస్తే సైకిల్ మీద వచ్చినట్టా, కాదా?

గేరులేనోడు (సోమవారం, రాత్రి 9:05)
అందరికీ నమస్కారం. చిన్న తగువు, మీరే తేల్చాలి. నేనూ, మా ఆఫీసులో ఇంకొకతనూ వంద పనిదినాలు సైకిల్ మీదే ఆఫీసుకి రావాలని పందెం వేసుకున్నాం. ముందు తప్పినవాడు రెండోవాడికి నెల రోజులు టిఫిన్ పెట్టించాలి. నేనుండేది సాగర్‌నగర్. ఆఫీసు జగదాంబ దగ్గర. జోడుగుళ్ళపాలెం, లాసన్స్‌బే, ఆర్కే బీచ్ మీదుగా వచ్చి కలెక్టరాఫీసు డౌన్ ఎక్కుతాను. ఇవాళ నాకు 71వ రోజు. దారంతా ఎదురుగాలి, రాత్రి సరిగ్గా నిద్ర కూడా లేదు. డౌన్ మధ్యలో ఊపిరందక దిగి, ఓ రెండు వందల అడుగులు తోసుకుంటూ నడిచి, మళ్ళీ ఎక్కాను. అతను పైన నిలబడి చూశాడట. మధ్యాహ్నం ఆఫీసు గ్రూపులో "ఇవాళ చెల్లదు" అని పెట్టాడు. న్యాయం చెప్పండి.

కిక్కురాడ్డు (9:11)
బండి కొనుక్కో బాబూ.

లాసన్స్‌బే లలిత (9:14)
ఎక్కాల్సిన చోటుని డౌన్ అంటారేటండీ? నేను వైజాగ్ వచ్చి మూడేళ్ళయింది, ఇప్పటికీ అర్థం కాలేదు.

ఉప్పుగాలి (9:20)
లలితగారూ, ఈ ఊళ్ళో అప్ అనేదే లేదు. కలెక్టరాఫీసు డౌన్, కేజీహెచ్ డౌన్, పాండురంగపురం డౌన్. పేర్లు పెట్టినవాళ్ళెవరూ సైకిల్ తొక్కి ఉండరు.
గేరులేనోడుగారూ, చెల్లుతుంది. హాయిగా పడుకోండి.

నియమనిష్ఠ (9:32)
చెల్లదు. జవాబు మీ మాటలోనే ఉంది. పందెం "సైకిల్ మీద" రావాలని. మీద అంటే మీద. పక్కన కాదు. మీరు చేసినది సైకిల్‌తో పాటు రావడం. కుక్కని వాకింగ్‌కి తీసుకెళ్ళినవాడు కుక్క మీద వచ్చానని చెప్పుకోడు కదా.

ఉప్పుగాలి (9:41)
రైలు మీద వచ్చానంటాం. టాప్ ఎక్కి కూర్చున్నామా?

నియమనిష్ఠ (9:44)
రైలు దిగి, దాన్ని తోసుకుంటూ స్టేషన్‌కి రాలేదు కదా.

మాల్కాపురం మాస్టారు (9:58)
నాకు అరవై తొమ్మిదేళ్ళు. ముప్పై నాలుగేళ్ళు సైకిల్ మీద ఉద్యోగానికి వెళ్ళాను. అప్ వస్తే దిగేవాళ్ళం, అందరం. పది మంది వరసగా సైకిళ్ళు తోసుకుంటూ కబుర్లు చెప్పుకుంటూ నడిచేవాళ్ళం. ఇంటి సంగతులన్నీ అక్కడే తెలిసేవి. డౌన్ రాగానే మళ్ళీ ఎక్కేవాళ్ళం. అది లెక్కా కాదా అని ఎవడూ అడగలేదు. ఇంతకీ గేరులేనోడు బాబూ, నీ సైకిల్‌కి మడ్‌గార్డులున్నాయా?

గేరులేనోడు (10:03)
ఉన్నాయి మాస్టారూ. ముందూ వెనకా రెండూ. పాత 28 అంగుళాల బండి, క్యారేజీతో సహా.

మాల్కాపురం మాస్టారు (10:06)
అయితే చెల్లుతుంది.

కిక్కురాడ్డు (10:07)
ఈ సైకిల్ వాళ్ళందరూ ఒకటే టైపు. మా ఫ్లోర్‌లో ఒకాయన ఉన్నాడు. లిఫ్టులో ప్యాంటు ఒక కాలు సాక్సులోకి దోపుకుని ఎక్కుతాడు. రెండో కాలు మామూలుగానే ఉంటుంది. గంట తర్వాత మీటింగులో కూడా అలాగే కూర్చుంటాడు. ఎవరైనా పెట్రోలు గురించి మాట్లాడితే చాలు, నవ్వుతాడు. ఏమీ అనడు, ఊరికే నవ్వుతాడు. అది భరించలేం.

లాసన్స్‌బే లలిత (10:15)
మా తమ్ముడూ అంతే. రాత్రి పడుకునే ముందు గాలి ఎటు వీస్తోందో ఫోన్‌లో చూస్తాడు. చేపలవేటకి వెళ్ళేవాళ్ళు కూడా అంత శ్రద్ధగా చూడరేమో. ఇల్లు దాటేముందు బొటనవేలితో టైరు నొక్కుతాడు, పుచ్చకాయ బేరం చేసినట్టు. ఫోన్‌లో 19.8 కిలోమీటర్లు చూపిస్తే 20 అయ్యేదాకా అపార్ట్‌మెంట్ చుట్టూ తిరుగుతాడు. వాచ్‌మన్ మొదట్లో ఏదో పోయిందేమో అనుకుని తనూ వెతికాడు. సిగ్నల్ దగ్గర కాలు కింద పెట్టకూడదట, డివైడర్ మీద పెడతాడు. ఎందుకురా అంటే జవాబుండదు.

ఉప్పుగాలి (10:24)
చైన్ సంగతి మర్చిపోయారు. బీచ్ రోడ్డు మీద తిరిగే బండికి వారం రోజులు నూనె పెట్టకపోతే చైన్ చింతపండు రంగుకొస్తుంది. నేను ఆదివారం నూనె పెడతాను, ఆ రోజు ఎవరి పెళ్ళయినా వెళ్ళను. బీచ్‌లో ఉన్న కురుసుర సబ్‌మెరైన్ 1969లో నేవీలో చేరి 2001లో రిటైరైంది, ఇరవై ఏళ్ళ పైన ఇసకలోనే కూర్చుంది, అయినా నా చైన్ కంటే మెరుస్తోంది.

గేరులేనోడు (10:31)
అందరూ నవ్వుకుంటున్నారు గానీ నా ప్రశ్న అలాగే ఉంది. నియమనిష్ఠగారూ, ఒకటి వినండి. 2016 జులై 14న టూర్ ద ఫ్రాన్స్ సైకిల్ పందెంలో, మోఁ వాంతూ కొండ మీద క్రిస్ ఫ్రూమ్ ఒక మోటారుసైకిల్‌ని గుద్దుకున్నాడు. సైకిల్ పాడైంది. దాన్ని వదిలేసి, ఆ సైకిల్ బూట్లతోనే కొండ మీదకి పరుగెత్తాడు. ముందున్నవాడికిచ్చే పసుపు జెర్సీ పోలేదు, ఆ ఏడు టూర్ కూడా ఆయనే గెలిచాడు. ఆయన దగ్గర సైకిలే లేదు! నేను కనీసం వెంటబెట్టుకు నడిచాను.

నియమనిష్ఠ (10:40)
అది ప్రమాదం కాబట్టి నిర్వాహకులు టైం సరిచేసి ఇచ్చారు. ఆయనది విరిగిన సైకిల్. మీకు విరిగింది ఏమిటి? ఊపిరి.

గేరులేనోడు (10:52)
సరే, లెక్కలోకి వద్దాం. నా బండికి ముందు పళ్ళచక్రానికి 44 పళ్ళు, వెనకదానికి 18. పెడల్ ఒక్క చుట్టు తిప్పితే బండి ఐదు మీటర్లకి పైగా వెళ్ళాలి. ఆ బరువంతా నా మోకాళ్ళది. అతనిది గేరు సైకిల్. ముందు 28, వెనక 32 వేసుకుంటే ఒక్క చుట్టుకి రెండు మీటర్లు కూడా వెళ్ళదు. తాపీగా గిరగిర తిప్పుకుంటూ వెళ్ళొచ్చు. మెట్లు ఒక్కొక్కటే ఎక్కేవాడు, మూడేసి మెట్లు ఎక్కేవాణ్ణి చూసి "మధ్యలో ఆగావేం" అన్నట్టుంది.

నియమనిష్ఠ (11:01)
గేరు సైకిల్ తొక్కేవాళ్ళు తొక్కనట్టు మాట్లాడకండి. గేరు కాలు తిప్పదు, మనమే తిప్పాలి. అయినా పందెంలో గేర్ల ప్రస్తావన లేదు. ఓడిపోయేటప్పుడు పళ్ళు లెక్కపెట్టడం ఒక అలవాటు. ఆఫీసుకి వచ్చాక ఆ నీలం తువ్వాలు కుర్చీకి ఆరేసి, వచ్చిన ప్రతివాడికీ "గేరు లేకుండా ఎక్కాను" అని చెప్పుకోవడం ఇంకో అలవాటు.

గేరులేనోడు (11:04)
నీలం తువ్వాలా?

గేరులేనోడు (11:05)
తువ్వాలు సంగతి నేను ఇక్కడ రాయలేదే.

కిక్కురాడ్డు (11:06)
అమ్మో.

లాసన్స్‌బే లలిత (11:06)
నేను నిద్ర మానేసి కూర్చుంటున్నాను.

గేరులేనోడు (11:12)
ఒరే, నువ్వా! పేరు మార్చుకుని వచ్చి నన్నే "మీరు, మీరు" అంటూ తీర్పులు చెబుతున్నావా? గ్రూపులో పరువు తీసింది చాల్లేదా?

నియమనిష్ఠ (11:19)
అవును, నేనే. న్యాయం అడిగావు, చెప్పాను. పేరు ఏదైతేనేం?

గేరులేనోడు (11:30)
అయితే నేనూ అసలు సంగతి చెప్తాను, అందరూ వినండి. వీడూ నేనూ మొన్న మార్చి దాకా కలిసే వచ్చేవాళ్ళం. ఏడుంబావుకి కురుసుర దగ్గర కలిసేవాళ్ళం. ముందు వచ్చినవాడు రెండోవాడి కోసం ఆగాలి, అదీ మా ఒప్పందం. వేరుశెనక్కాయలు తినేవాళ్ళం. డౌన్ దగ్గర ఇద్దరం దిగి, ఇద్దరం తోసుకుంటూ నడిచేవాళ్ళం. వాడూ దిగేవాడు, మర్చిపోయాడు పాపం! ఏప్రిల్‌లో గేరు సైకిల్ కొన్నాడు. రెండు వారాలు ఆగాడు. తర్వాత ఒకరోజు సబ్‌మెరైన్ దగ్గర లేడు. లేటయిందేమో అనుకుని పావుగంట నిలబడ్డాను. ఆఫీసుకెళ్తే అప్పటికే స్నానం చేసి, చొక్కా మార్చుకుని, టీ తాగుతున్నాడు.

మాల్కాపురం మాస్టారు (11:38)
ఇది తప్పు బాబూ.

నియమనిష్ఠ (11:55)
మాస్టారూ, ఒకవైపే విన్నారు. వీడికోసం ఆగిన ఆ రెండు వారాల్లో నేను నాలుగు రోజులు లేటు. మా ఆఫీసులో మూడు లేట్లకి ఒక సగం రోజు సెలవు కోస్తారు. వీడికి ఆ బాధ లేదు, వీడి సెక్షన్‌లో అడిగేవాడు లేడు. సరే, అదీ పక్కనపెడతాను. ఆ సైకిల్ కొనడానికి నేను రెండేళ్ళు దాచుకున్నాను. నాకు మోకాలి నొప్పి ఉంది, ఎవరికీ చెప్పలేదు, వీడికి తప్ప. డాక్టరు బరువు గేర్లో తొక్కొద్దన్నాడు కాబట్టి కొన్నాను. తెచ్చిన మొదటి రోజే వీడు క్యాంటీన్‌లో పది మంది ముందు ఏమన్నాడో అడగండి.

ఉప్పుగాలి (11:57)
ఏమన్నాడు?

నియమనిష్ఠ (మంగళవారం, 12:02)
"గేరు సైకిల్ అంటే సగం మోటారే" అన్నాడు. అందరూ నవ్వారు. అప్పట్నుంచి నా పేరు ఆఫీసులో "సగం మోటారు". స్వీపరు కూడా అలాగే పిలుస్తోంది. మరి ఒక్క రోజు డౌన్‌లో దిగితే నేను వదిలేయాలా?

లాసన్స్‌బే లలిత (12:05)
ఓహో.

కిక్కురాడ్డు (12:08)
సగం మోటారు బావుంది, అది మాత్రం ఒప్పుకోవాలి.

ఉప్పుగాలి (12:10)
కిక్కురాడ్డుగారూ, కాసేపు ఊరుకోండి.

గేరులేనోడు (12:31)
సరదాకి అన్నాను. మోకాలి సంగతి ఆ మాట అనేటప్పుడు గుర్తు లేదు. గుర్తుంటే అనేవాణ్ణి కాదు. కానీ నువ్వు ఆగకపోవడానికి అదే కారణమని ఒక్క మాట చెప్పొచ్చు కదరా. నేను మూడు నెలల నుంచి నా స్పీడు తక్కువైపోయిందని అనుకుంటున్నాను. ఈ పందెం కూడా అందుకే వేశాను, పందెం ఉంటేనన్నా నా పక్కన తొక్కుతావని.

నియమనిష్ఠ (12:44)
స్పీడు తక్కువే. అది వేరే సంగతి.

మాల్కాపురం మాస్టారు (ఉదయం 5:10)
ఇప్పుడే లేచి అంతా చదివాను. ఆ గేరు సైకిల్‌కి మడ్‌గార్డులున్నాయా? ఎవరూ చెప్పలేదు. ఇది వానాకాలం. వీపంతా బురద గీత పడుతుంది, కారం పూసిన అట్టులా ఉంటుంది.

నియమనిష్ఠ (5:32)
లేవు మాస్టారూ.

ఉప్పుగాలి (5:40)
గాలి నైరుతి నుంచే. ఇవాళ కూడా వెళ్ళేటప్పుడు ఎదురే.

గేరులేనోడు (5:48)
నిన్నటి తారీఖు పక్కన 71 అని రాసుకున్నాను. పెన్సిల్‌తో.

నియమనిష్ఠ (5:51)
రబ్బరు నా దగ్గర ఉంది. ఏడుంబావుకి తెస్తాను. ఏడున్నర దాకా చూస్తాను, అంతకంటే ఒక్క నిమిషం ఆగను.