కాగితం గ్లైడర్ ముక్కు పైకెత్తి పడిపోతోంది, రెక్క ఎలా చేయాలి?

ఇంజన్ లేకుండా, వేడెక్కి పైకి లేచే గాలిని పట్టుకుని గంటల తరబడి తిరిగే గ్లైడర్లంటే నాకు ప్రాణం. అందుకే ఏఎస్‌కే 21 అనే గ్లైడర్‌ని 1:50 స్కేల్లో మందపాటి కాగితంతో చేశాను. అసలుదానికి రెక్క ఈ చివరి నుంచి ఆ చివరికి 17 మీటర్లు, నాదానికి 34 సెంటీమీటర్లు. చూడ్డానికి చాలా అందంగా వచ్చింది, కానీ వదలగానే ముక్కు పైకెత్తి, వేగం పోయి, కిందికి దిగి, మళ్లీ ముక్కెత్తుతుంది. ముక్కులో కాస్త మైనం పెడితే ఈసారి నేరుగా నేలకే.

బరువు కేంద్రం రెక్క ముందు అంచు నుంచి రెక్క వెడల్పులో సుమారు మూడో వంతు దగ్గర ఉంది, అది సరిపోతుందా, ఇంకా ముందుకు జరపాలా? తోక రెక్క వెనక అంచుని కొంచెం కిందికి వంచితే ముక్కెత్తడం తగ్గుతుందని తెలుసు, కానీ ముందు దేన్ని సరిచేయాలి, బరువునా తోకనా?

అన్నిటికంటే పెద్ద సందేహం రెక్క గురించే. నేను కాగితం మడిచి లోపల బోలుగా, నిజం రెక్కలా లావుగా చేశాను. ఇంత చిన్న సైజులో, ఇంత తక్కువ వేగంలో లావు రెక్క కంటే కాస్త వంపు తిప్పిన ఒంటి కాగితమే బాగా ఎగురుతుందంటారు. అంత పొడవు రెక్క ఒంటి కాగితంతో ఊగిపోకుండా ఎలా ఆపుతారు? చేసినవాళ్లుంటే దయచేసి చెప్పండి, ఇది నిదానంగా తేలుతూ వెళ్తుంటే చూడాలనుంది.