ఇంగ్లీషు నేర్పేవారికి అది మాతృభాషే అయి ఉండాలా?

ప్రశ్న:
దక్షిణ కొరియాలో ఉంటున్న ఒక కళాశాల విద్యార్థినికి ఎనిమిది నెలలుగా వారానికి రెండుసార్లు ఆన్‌లైన్‌లో ఇంగ్లీషు నేర్పుతున్నాను. పాఠాలు బాగా సాగుతున్నాయని చెబుతూనే, ఇకపై ఇంగ్లీషు మాతృభాషగా గల టీచరును చూసుకుంటామని ఆమె తల్లిగారు మొన్న మర్యాదగా తెలియజేశారు. ఆ దేశపు నిబంధనల్లోనూ ఈ దృష్టే కనిపిస్తుంది. అక్కడ భాష బోధించేవారికిచ్చే ఇ-2 వీసా, ఇంగ్లీషు విషయంలో ప్రధానంగా అమెరికా, బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, ఐర్లండ్, దక్షిణాఫ్రికా పౌరులకే దక్కుతుంది. 2010లో అమలులోకి వచ్చిన భారత్-కొరియా ఆర్థిక ఒప్పందం వల్ల ఉపాధ్యాయ అర్హత గల భారతీయులకూ కొంత దారి ఏర్పడింది. ఆ తల్లిగారిని నేను తప్పుపట్టడం లేదు; ఈ కొలమానం సరైనదేనా అన్నదే నా ప్రశ్న.

మొదటి సమాధానం:
సరైనదేనని నా అభిప్రాయం. ‘ఫొటోగ్రాఫ్’ అన్నప్పుడు ఊనిక, అంటే నొక్కి పలకడం, మొదటి అక్షరం మీద, ‘ఫొటోగ్రాఫర్’ అన్నప్పుడు రెండవ అక్షరం మీద పడుతుంది. ఇది చెవికి పట్టాలి తప్ప సూత్రాలతో వచ్చేది కాదు. నవంబరులో జరిగే విశ్వవిద్యాలయ ప్రవేశ పరీక్షలో, ఇంగ్లీషు విని జవాబు రాసే భాగం కోసం సుమారు 35 నిమిషాల పాటు విమానాల రాకపోకలనే ఆపివేసే దేశమది. అక్కడి తల్లిదండ్రులు వినికిడికి అంత విలువ ఇవ్వడం సహజమే కదా!

ప్రశ్న అడిగినవారు:
ఊనిక గురించి మీరన్నది ఒప్పుకుంటాను. అందుకే రకరకాల గొంతుల రికార్డింగులు వినిపిస్తాను. అయితే తప్పు ఎక్కడ పుడుతోందో తెలియడం వేరే విద్య. ఆమె బస్‌ను ‘బొసు’ అన్నప్పుడు నాకు వెంటనే మన ‘బస్సు’ గుర్తొచ్చింది: హల్లుతో ఆగిన పరభాషా పదానికి చివర ఒక అచ్చు చేర్చుకునే అలవాటు రెండు భాషలకూ ఉంది. ఒకసారి ఆమె “ఐ బాట్ బుక్, బుక్ ఈజ్ గుడ్” అంది. ‘నిన్న పుస్తకం కొన్నాను, పుస్తకం బాగుంది’ అనడానికి మనకు ‘ఎ’, ‘ద’ లాంటివేవీ అక్కర్లేదు, కొరియన్‌కూ అక్కర్లేదు. నేను సూత్రం చెప్పలేదు, “నువ్వు చెప్పేది ఏ పుస్తకమో వినేవారికి ముందే తెలుసా?” అని మాత్రం అడిగాను. ఆమె కాస్త ఆలోచించి రెండు చోట్లా తానే దిద్దుకుంది. తెలుగులో లాగానే కొరియన్‌లోనూ క్రియ వాక్యం చివరే వస్తుంది కాబట్టి, ఆమె కొన్ని క్షణాలు మౌనంగా ఉంటే, ఆ క్రియను ముందుకు తెచ్చుకుంటోందని గ్రహించి ఆగుతాను. ఆ వ్యవధిలో మాట అందించామంటే ఆ వాక్యం ఆమెది కాకుండా పోతుంది.

రెండవ సమాధానం:
మాతృభాషగా గలవారిలోనూ ఇలా ఓపిక పట్టేవారున్నారు, పరభాషగా నేర్చినవారిలోనూ లేనివారున్నారు. పుట్టుకను కాక, బోధనలో శిక్షణను అడగడం మేలు.

ప్రశ్న అడిగినవారు:
నిజమే, ఆ మాట ముందే చెప్పవలసింది. బుధవారం మా ఆఖరి పాఠం. ఆమెకు తరచూ దొర్లే తప్పులను, వాటి వెనుక ఉన్న కొరియన్ అలవాట్లతో సహా, రెండు పేజీలలో రాసి ఉంచాను. కొత్త టీచరుకు ఇమ్మని ఆ తల్లిగారికి పంపుతాను.