కంపెనీ చేతిలోంచి ఆర్డర్ పోయిన సంగతి స్టాఫ్‌కి ముందే చెప్పాలా, దారి దొరికాకే చెప్పాలా?

జీడిమెట్ల_ప్లాంట్:

నమస్తే అందరికీ. పెద్ద కంపెనీల సంగతి కాదు నాది, కానీ మూడు వారాలుగా నాకు నిద్ర లేదు.

జీడిమెట్లలో ఒక మెషిన్ షాపుకి ప్లాంట్ మేనేజర్‌ని. పంపులకీ వాల్వులకీ పార్టులు జాబ్ వర్క్ మీద చేస్తాం, మొత్తం 64 మందిమి. పనిలో సగానికి పైగా ఒకే పార్టీది. జనవరి నుంచి ఆర్డర్ ఉండదని వాళ్లు మెయిల్ పెట్టారు. ఆ మెయిల్ చూసింది ముగ్గురమే, మా సారు, అకౌంటెంట్, నేను. సారు అన్నది ఒకటే, "దసరా పోనీ, బోనస్ ఇచ్చేద్దాం, ఈలోగా పుణేలో ఒకళ్లతో మాట్లాడుతున్నా, అది ఖాయమైతే ఎవరికీ ఏమీ చెప్పాల్సిన పనే ఉండదు, ఊరికే అందరికీ టెన్షన్ ఎందుకు." ఆయన చెడ్డవాడు కాదు. కరోనా అప్పుడు షెడ్డు మూసి ఉన్న రెండు నెలలూ సగం జీతమైనా ఇచ్చాడు, ఇంట్లో బంగారం పెట్టి తెచ్చాడని నాకు తెలుసు. అందుకే కాదనలేకపోయాను.

మొన్న సోమవారం టీ టైమ్‌లో మా సీఎన్‌సీ (కంప్యూటర్‌తో నడిచే మెషిన్) ఆపరేటర్ ఒకతను వచ్చాడు. తొమ్మిదేళ్లుగా ఉన్న మనిషి. చేతికి కూలెంట్ అంటి ఉంటే వేస్టుతో తుడుచుకుని, జేబులోంచి నాలుగు మడతల కాగితం తీశాడు. సూరారంలో పాత అపార్ట్‌మెంట్‌లో రెండు గదుల ఫ్లాటు. ఆ కాగితం మీద లోన్ ఏజెంట్ పెన్నుతో నెలకి 18,600 అని రాసి కింద రెండు గీతలు కొట్టాడు. శుక్రవారం రెండు లక్షలు అడ్వాన్స్ కట్టి అగ్రిమెంట్ రాసుకోవాలట. "సార్, మీరు సరే అంటే కట్టేస్తా" అన్నాడు. నాకు గొంతు పెగల్లేదు. "కొంచెం ఆగరాదూ, ఇంట్లో ఇంకోసారి మాట్లాడు" అన్నాను. అతను నా మొహం చూసి, "ఎందుకు సార్, పేపర్లు క్లియర్ లేవా, మీకేమైనా తెలిసిందా?" అన్నాడు.

పేపర్లన్నీ బాగానే ఉన్నాయి. లేనిది మా దగ్గర జనవరి తర్వాత పని. ఇవాళ బుధవారం. సారుకి ఇచ్చిన మాట తప్పాలా, ఇతన్ని ముంచాలా? దయచేసి అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

మౌలాలి_యూనిట్:

అన్నా, నీ బాధ అర్థమైంది, కానీ నీ సారు చెప్పిందే కరెక్టు అని నేనంటాను. 22 ఏళ్లుగా యూనిట్ నడుపుతున్నా, ఊరికే అనడం లేదు.

ఆరేళ్ల కిందట నాకూ ఇదే వచ్చింది. నిజాయితీగా ఉందామని అందర్నీ నిలబెట్టి చెప్పేశాను, మూడు నెలలు కష్టంగా ఉంటుంది, ఓపిక పట్టండి అని. పది రోజుల్లో నా ముగ్గురు సెట్టర్లు, అంటే ప్రతి పనికీ మెషిన్‌ని సెట్ చేసి ఇచ్చేవాళ్లు, వెళ్లిపోయారు. ఇలాంటప్పుడు ముందు పోయేది మంచి చేతిపని ఉన్నవాళ్లే, ఎందుకంటే వాళ్లకే బయట పని దొరుకుతుంది. స్టీలు ఇచ్చే షాపువాడికి ఎలా తెలిసిందో తెలిసింది, 45 రోజుల ఉద్దెర ఇచ్చేవాడు డబ్బు ముందు పెట్టమన్నాడు. మూడో నెలలో కొత్త ఆర్డర్ రానే వచ్చింది, కానీ సెట్టింగ్ చేసే మనిషి లేక టైమ్‌కి ఇవ్వలేకపోయాను, అదీ పోయింది. చివరికి పద్దెనిమిది మందిని నేనే ఇంటికి పంపించాల్సి వచ్చింది. ఆ రోజు నోరు మూసుకుని ఉంటే వాళ్లందరూ ఇవాళ్టికీ నా దగ్గరే ఉండేవాళ్లు. వాళ్లలో ఒకాయన ఇప్పుడు ఈసీఐఎల్ చౌరస్తాలో ఆటో నడుపుతాడు, కనిపించినప్పుడల్లా నాకు తల కొట్టేసినట్టు ఉంటుంది.

2020 మార్చిలో యస్ బ్యాంకులో 50,000కి మించి తీయొద్దని పెట్టినప్పుడు చూశాం కదా, జనం ఎలా పరిగెత్తారో. రెండు వారాల్లో ఆ ఆంక్ష ఎత్తేశారు, బ్యాంకు నిలబడింది. భయానికి ఆ రెండు వారాలు ఆగే ఓపిక ఉండదు. మా చిన్న యూనిట్లకైతే ఆదుకోవడానికి రిజర్వ్ బ్యాంకు కూడా రాదు.

టీచరమ్మ_ఉప్పల్:

మౌలాలి అన్నగారూ, మీరు మీ వైపు నుంచి చెప్పారు, నేను అవతల వైపు కూర్చున్న మనిషిని.

నేను ప్రైవేట్ స్కూల్లో టీచర్ని. 2020 మార్చిలో బడి మూసినప్పుడు మా కరస్పాండెంట్ గారు "వచ్చే నెల నుంచి మామూలే, మీరెవరూ భయపడకండి" అన్నారు. ఏప్రిల్‌లో అదే మాట, జూన్‌లో అదే మాట. ఆ మాట నమ్మి నేను మేలో చిట్టీ ఎత్తాను, పాపకి కాలేజీ ఫీజు కట్టడానికి. జీతం వస్తే నెలనెలా కట్టేయొచ్చు అనుకున్నా. జీతం రాలేదు. చిట్టీ ఆవిడ గుమ్మంలో కూర్చుంటే, లోపల లైటు ఆర్పుకుని కూర్చున్న సాయంత్రాలు ఉన్నాయి. 2021 ఏప్రిల్‌లో ప్రభుత్వం ప్రైవేట్ టీచర్లకి నెలకి 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇస్తామంటే ఆధార్ జిరాక్స్ పట్టుకుని వెళ్లి లైన్లో నిలబడ్డాను. అందుకు సిగ్గుపడను. కానీ ఆయన మేలో "అమ్మా, ఈ ఏడాది జీతం అనుమానమే" అని ఉంటే నేను ఆ చిట్టీ ముట్టుకునేదాన్ని కాదు.

ఆయన దగ్గర డబ్బు లేదన్నది నాకిప్పుడు తెలుసు, ఆయన మీద ఆ కోపం లేదు. నా కోపమల్లా, నా చిట్టీ సంగతి ఆయనకి తెలుసు. నేనే చెప్పాను. విని తల ఊపారు.

జీడిమెట్ల అన్నా, శుక్రవారం లోపల ఆ పిల్లాడికి చెప్పండి.

మౌలాలి_యూనిట్:

అమ్మా, మీకు జరిగింది తప్పే, దాన్ని నేను సమర్థించను. కానీ ఒక్క మాట. మీ స్కూల్లో అప్పటికే జీతం ఆగిపోయింది. ఇక్కడ ఇంకా ఎవరి జీతమూ ఆగలేదు, పుణే ఆర్డర్ రావచ్చు కూడా. రాని కష్టాన్ని ముందే వచ్చిందని చెప్పి 64 ఇళ్లలో పండగ పాడు చేయడం మంచిపని అవుతుందా?

నైట్‌షిఫ్ట్:

మాకు తెలియదనుకోవడమే మీ దగ్గర తప్పు. నేను బాలానగర్‌లో షిఫ్ట్ మీద పనిచేస్తా. రాడ్ లోడు వారానికి రెండు లారీలు వచ్చేది ఒకటైతే మాకు తెలుస్తుంది, ఓవర్‌టైమ్ ఆగితే తెలుస్తుంది, మెషిన్‌లో లోహాన్ని కోసే అరిగిన ఇన్సర్ట్ మార్చమంటే "ఇంకో వంద పీసులు లాగు" అన్నప్పుడు ఇంకా బాగా తెలుస్తుంది. క్యాంటీన్‌లో రోజూ అదే మాట. మీరు చెప్పకపోతే మేమే చెప్పుకుంటాం, అందులో సగం తప్పే ఉంటుంది, షెడ్డు అమ్మేశారంట అనే దాకా పోతుంది. ఇంకోటి, మీ సెట్టర్లు ముగ్గురు పోయారన్నారు కదా సార్, వాళ్లకీ పిల్లలున్నారు, వాళ్ల పొట్ట వాళ్లు చూసుకున్నారు, అది ద్రోహం కాదు.

పాతబ్యాంకు:

ప్రభుత్వ బ్యాంకులో బ్రాంచ్ మేనేజర్‌గా చేసి రిటైరయ్యాను, ఇలాంటి యూనిట్ల ఫైళ్లు వందలు చూశాను. రెండు విషయాలు చెప్తాను, కాస్త పొడుగవుతుంది.

మన ఊళ్లో ఈ మాట వస్తే సత్యం కంప్యూటర్స్ గుర్తురాకుండా ఉండదు. 2009 జనవరి 7న దాని ఛైర్మన్ రామలింగరాజు బోర్డుకి రాసిన లేఖలో, లెక్కల్లో చూపించిన నగదులో 5,040 కోట్లు అసలు లేనే లేవని ఒప్పుకున్నారు. అందరికీ ఆ అంకె గుర్తుంది, నాకు మాత్రం అందులో ఇంకో మాట గుర్తుండిపోయింది. అసలు లాభానికీ చూపిన లాభానికీ మధ్య తేడా మొదట్లో చిన్నదేనట, ఏటేటా పెరుగుతూ పోయి, చివరికి దిగితే తినేసే పులి మీద స్వారీ అయింది అని ఆయనే రాసుకున్నారు. ఆ తర్వాత కేంద్రం పాత బోర్డును తప్పించి దీపక్ పరేఖ్, కిరణ్ కార్నిక్ లాంటివాళ్లను కూర్చోబెట్టింది. కస్టమర్లు జారిపోకుండా, జీతాలు ఆగకుండా చూడడం వాళ్ల మొదటి పనుల్లో ఒకటి. ఏప్రిల్‌కల్లా టెక్ మహీంద్రా చేతికి వెళ్లింది. నిజం బయటపడ్డాక ఆ కంపెనీ మూడు నెలల్లో ఒక దారిన పడింది, దాచిన కాలం మాత్రం ఏళ్లు. భయం వల్ల యూనిట్ మునుగుతుంది అనేవాళ్లు ఈ సంగతి ఆలోచించాలి.

ఆగండి, జీడిమెట్లలో మోసమెక్కడ ఉంది అంటారు. లేదు, ఒప్పుకుంటాను. ఆర్డర్ పోవడం మోసం కాదు. కానీ నేను చూసిన ప్రతి ఫైల్‌లోనూ వరస ఒకటే. ముందు స్టాఫ్‌కి చెప్పరు. తర్వాత బ్యాంకుకి ఇచ్చే స్టాక్ స్టేట్‌మెంట్‌లో పాత సరుకుని కొత్తదిగా చూపిస్తారు, సీసీ లిమిట్ (సరుకు మీద బ్యాంకు ఇచ్చే అప్పు పరిమితి) తగ్గకుండా. ఆ తర్వాత పీఎఫ్. జీతంలోంచి 12 శాతం కోస్తారు, మరుసటి నెల 15లోపు కట్టాల్సింది కట్టరు, వచ్చే నెల చూద్దాం అంటారు. ఉద్యోగి డబ్బది, కోసి కట్టకపోతే కేసవుతుంది, అప్పటిదాకా పెద్దమనిషి అనిపించుకున్న ఓనర్ ఆ రోజు నా ముందు ఏడ్చినవాళ్లున్నారు. జీడిమెట్ల గారూ, ముందు మీ అకౌంటెంట్‌ని పీఎఫ్ చలాన్లు చూపించమనండి. ఉద్యోగులైతే ఉమంగ్ యాప్‌లో పాస్‌బుక్ చూసుకోవచ్చు, ఏ నెల పడిందో ఏ నెల పడలేదో అందులో కనిపిస్తుంది.

రెండోది. బ్యాంకుకి కూడా ముందే చెప్పండి. కిస్తీ 90 రోజులు దాటితే ఖాతా ఎన్‌పీఏ, అంటే మొండి బాకీ, ఆ తర్వాత మేనేజర్‌కి మనసున్నా చేతులు కట్టేసి ఉంటాయి. ముందే వచ్చినవాళ్లకి గడువు మార్చిన సందర్భాలు నా చేతి మీదే చాలా ఉన్నాయి.

మాదాపూర్_హెచ్ఆర్:

ఒక తేడా మాత్రం గమనించాలి. స్టాక్ మార్కెట్‌లో లిస్ట్ అయిన కంపెనీ అయితే అందరికంటే ముందు స్టాఫ్‌కి చెవిలో చెప్పడం కుదరదు, ఎక్స్ఛేంజీకి చెప్పాలి, లేకపోతే అది మార్కెట్‌ని చూసే సెబీ పెట్టిన ఇన్‌సైడర్ ట్రేడింగ్ (లోపలి సమాచారంతో షేర్లు కొనడం, అమ్మడం) నియమాల కిందికి వస్తుంది. నేను ఆ గదుల్లో కూర్చున్నాను, ఎవర్ని తీసేయాలన్న లిస్టు తయారయ్యాక కూడా నోరు విప్పకూడని వారాలు గడిపాను. నాకిష్టమైన అమ్మాయి ఒకావిడ ఆ వారంలోనే పెళ్లికి లోన్ తీసుకోవాలా అని అడిగింది. "నా పొజిషన్‌లో ఉన్నవాళ్లను ఇది అడగొద్దు, నేనేం చెప్పినా తప్పే, ఇప్పుడైతే నేను లోన్ తీసుకోను" అన్నాను. అంతకంటే ఒక్క అక్షరం చెప్పలేదు. ఆవిడకి అర్థమైంది. చెప్పకుండా ఉండడానికీ అబద్ధం చెప్పడానికీ మధ్య ఆ కాస్త చోటు ఎప్పుడూ ఉంటుంది. కానీ జీడిమెట్ల యూనిట్‌కి సెబీ లేదు, కాబట్టి ఆ అడ్డు కూడా లేదు.

మౌలాలి_యూనిట్:

పాతబ్యాంకు గారి పీఎఫ్ మాట నాకు తగిలింది, ఒప్పుకుంటున్నా. నేనూ ఒకసారి రెండు నెలలు ఆపాను, తర్వాత వడ్డీతో కట్టాను. సెట్టర్లది ద్రోహమని నేనెప్పుడూ అనుకోలేదు తమ్ముడూ, నేనైనా అదే చేసేవాణ్ణి.

అయినా నా మాట పూర్తిగా వెనక్కి తీసుకోను. ఊరికే "కష్టంగా ఉంది" అని చెప్పడం వేరు, లెక్కతో చెప్పడం వేరు. నేనప్పుడు చేసిన తప్పు బహుశా చెప్పడం కాదు, ఎన్ని నెలలకి పని ఉంది, ఎవరి జీతం దాకా గ్యారంటీ అన్నది లేకుండా చెప్పడం. భయం పెట్టాను, లెక్క పెట్టలేదు. నువ్వు చెప్పేటట్టయితే అన్నా, కాగితం మీద అంకె రాసుకుని చెప్పు. ఎవరినైనా తీసేయాల్సి వస్తే నెల నోటీసు, పూర్తయిన ప్రతి ఏడాదికి 15 రోజుల జీతం, ఐదేళ్లు దాటినవాళ్లకి గ్రాట్యుటీ, అవి ఎక్కణ్ణుంచి వస్తాయో కూడా మీ సారు ముందే చూసుకోవాలి.

జీడిమెట్ల_ప్లాంట్:

అందరికీ థాంక్స్. గురువారం పొద్దున సారు ఇంటికెళ్లాను. ఫ్లాటు సంగతి చెప్పాను. ఆయన చాలాసేపు ఏమీ అనలేదు, తర్వాత "వాడి పెళ్లికి నేనే వెళ్లాను కదరా" అన్నారు. ఆపరేటర్‌ని ఆ మధ్యాహ్నమే ఆయన దగ్గరికి తీసుకెళ్లాను, ఆయనే చెప్పారు. అతను ఏమీ అనలేదు, కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. అగ్రిమెంట్ ఆపుకున్నాడు.

శనివారం రెండు షిఫ్టులూ కలిసే టైమ్‌లో మెషిన్లు ఆపించి షెడ్డులోనే అందరికీ చెప్పాం. డిసెంబర్ ఆఖరు దాకా పని ఉంది, మార్చి దాకా జీతానికి డబ్బు ఉంది, పుణేది ఇంకా ఖాయం కాలేదు, రాకపోతే ఏప్రిల్ నుంచి రెండో షిఫ్ట్ ఉండదు. సారు తను తీసుకునే జీతం ఈ నెల నుంచి ఆపేశారు, ఆ మాట ఆయన చెప్పొద్దన్నారు, నేనే చెప్పాను. పీఎఫ్ చూస్తే ఆగస్టుది కట్టలేదు. అదీ అందరి ముందే ఒప్పుకుని సోమవారం కట్టేశాం.

మౌలాలి అన్న చెప్పినట్టే అయింది, ఒక సెట్టర్, ఒక గ్రైండర్ వెళ్లిపోయారు. సెట్టర్ పోవడం నిజంగా దెబ్బ, అతను చేసే జాబు ఇప్పుడు నేనూ ఇంకో కుర్రాడూ రాత్రి తొమ్మిది దాకా ఉండి చేస్తున్నాం. నా నిర్ణయం వల్ల పుణే పని చెడితే మిగతా 62 మందికి ఏం చెప్పాలో నాకింకా తెలియదు.

పాతబ్యాంకు గారూ, రేపు 11 గంటలకి బ్యాంకుకి వెళ్తున్నాం. స్టాక్ స్టేట్‌మెంట్‌లో ఉన్నది ఉన్నట్టే రాశాం, గడువు అడిగేటప్పుడు ఇంకా ఏ కాగితాలు తీసుకెళ్లాలో ఇవాళ రాత్రికి కాస్త చెప్పండి.