ఆట పుస్తకానికి నాలుగు వేల పైనా? ఇది న్యాయమేనా?

సుబేదారి_డీఎం:
మేం ఐదుగురం, ఆదివారం వచ్చిందంటే మా డాబా మీద డంజియన్స్ అండ్ డ్రాగన్స్ ఆడతాం, అంటే తలా ఒక పాత్ర తీసుకుని పాచికలు వేస్తూ కథ నడిపించే ఆట. దాని రూల్స్ పుస్తకం, 2024 ప్లేయర్స్ హ్యాండ్‌బుక్, కొందామని చూస్తే నాలుగు వేలు దాటింది. ఇంతకుముందు ఒక పుస్తకం ఆన్‌లైన్‌లో తెప్పిస్తే అట్ట మూల నొక్కుకుపోయి వచ్చింది, అమ్మినాయన వాపసు తీసుకోనన్నాడు, రెండు నెలలకే మొదటి పేజీలు ఊడితే ఫెవికాల్ పెట్టి అతికించుకున్నా. అమ్మైతే "ఇది చదివితే ఏ పరీక్ష పాసవుతవ్?" అంటోంది. ధర సరైనదేనా, మనల్ని పిచ్చోళ్లను చేస్తున్నారా?

పాత_పాచిక:
తమ్మీ, డాలర్లలో ఆ పుస్తకం పెరగనే లేదు. 2014 హ్యాండ్‌బుక్ 49.95 డాలర్లు, 320 పేజీలు. 2024ది 49.99, 384 పేజీలు. పదేళ్లకు నాలుగు సెంట్లు! 1974లో వచ్చిన మొట్టమొదటి పెట్టెలో మూడు సన్న పుస్తకాలే, దానికే పది డాలర్లు, ఇప్పటి లెక్కలో అరవై పైమాటే. మనకు దెబ్బ పడింది రూపాయి దగ్గర. 2014లో డాలర్ అరవై రూపాయల చిల్లర, ఇప్పుడు ఎనభై ఐదు దాటింది. దాని మీద షిప్పింగ్, 2019 బడ్జెట్‌లో దిగుమతి పుస్తకాల మీద వేసిన 5 శాతం సుంకం.

కాజీపేట_రోగ్:
అన్నా, హ్యాండ్‌బుక్ ఒక్కటే చూపిస్తే ఎట్లా? 2023లో ఇదే ఆటకు అదనంగా వచ్చిన బిగ్‌బీ పుస్తకంతోనే కొత్తవాటి ధర 59.95 డాలర్లు చేశారు, అందులో ఉన్నది 192 పేజీలు. ఇంకొకటి, ఇంజినీరింగ్ చదివినోళ్లందరికీ తెలుసు, అమెరికాలో వేలల్లో ఉండే టెక్స్ట్‌బుక్‌కు సన్న కాగితం మీద ఇండియన్ ఎడిషన్ ఐదారు వందలకే దొరికేది. వీళ్లకు ఆ ఆలోచన ఎందుకు రాదు?

పాత_పాచిక:
టెక్స్ట్‌బుక్ అయితే క్లాసుకు అరవై మంది కొంటారు గదా. ఇది వరంగల్ మొత్తం వెతికినా ఎంతమంది కొంటారు? పైగా పేజీ పేజీకీ రంగుల బొమ్మలు, ఆర్టిస్టులకు డబ్బులివ్వాలి. 192 పేజీలకు అరవై డాలర్లంటే మాత్రం నేనూ ఒప్పుకోను.

జిరాక్స్_విజార్డ్:
అసలు కొనాల్సిన పనేముంది? మూల రూల్స్ ఎస్ఆర్‌డీ (సిస్టమ్ రిఫరెన్స్ డాక్యుమెంట్) పేరుతో 2023 జనవరి నుంచి క్రియేటివ్ కామన్స్‌లో, అంటే ఎవరైనా ఫ్రీగా వాడుకునే లైసెన్స్‌లో ఉన్నాయి, ప్రింట్ తీసుకుంటే దొంగతనం కాదు. ఇలాంటిదే ఇంకో ఆట పాత్‌ఫైండర్, దాని రూల్సైతే ఆర్కైవ్స్ ఆఫ్ నెథిస్ సైట్‌లో మొత్తం ఫ్రీ. నేను యూనివర్సిటీ దగ్గర జిరాక్స్ షాపులో రెండువైపులా కొట్టించి స్పైరల్ వేయించుకున్నా, ఆయన రాక్షసుల పేజీలు చూసి "ఇదేం సబ్జెక్ట్ సార్, జువాలజీనా?" అన్నాడు. ఎక్కువగా వాడే మంత్రాల పేజీలు మాత్రం లామినేషన్ చేయించండి, మా వాళ్లు మిర్చిబజ్జీ తిన్న చేతులతోనే తిప్పుతారు. కాకపోతే బొమ్మలుండవు, హ్యాండ్‌బుక్‌లోని సబ్‌క్లాసులూ (పాత్రల్లో రకాలు) అన్నీ ఉండవు.

సుబేదారి_డీఎం:
ముందు ఎస్ఆర్‌డీ ప్రింట్ కొట్టిస్తున్నా. హ్యాండ్‌బుక్‌కు తలా తొమ్మిది వందలు వేసుకుందామని గ్రూపులో పెడితే అందరూ సరే అన్నారు. అది ఎవరింట్లో ఉండాలన్న దాని మీదే రాత్రి నుంచి వాట్సాప్‌లో గొడవ నడుస్తోంది.