ఈ శంషాబాద్ సీనరీ 2020కి చేసిందా, 2024కా?

పీసీలో విమానాలు నడిపే గేమ్ మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ (ఎంఎస్ఎఫ్ఎస్) 2024 ఆడుతున్నాను. దీనికి ముందు వచ్చింది 2020. పోయిన శనివారం శంషాబాద్ ఎయిర్‌పోర్ట్ సీనరీ (గేమ్‌లో ఆ ఎయిర్‌పోర్ట్‌ను చూపించే యాడ్-ఆన్) ఒకటి కొన్నాను. అమ్మకం పేజీలో ‘ఎంఎస్ఎఫ్ఎస్ కోసం’ అని తప్ప 2020కా, 2024కా, రెండింటికీనా అన్నది ఎక్కడా లేదు. రెండు మెయిళ్లు పెట్టాను, జవాబు రాలేదు.

ఇన్‌స్టాల్ సాఫీగానే అయింది. తీరా గేట్ దగ్గర ఫ్లైట్ మొదలుపెడితే, గేమ్‌తో వచ్చిన టెర్మినల్, కొన్న టెర్మినల్ ఒకదానిలో ఒకటి దూరిపోయి కనిపిస్తున్నాయి. ఏరోబ్రిడ్జి కదలదు. ట్యాక్సీవే మీద చిన్న గుట్ట కూడా లేచింది! ఇదే ఫోల్డర్‌ను పాత 2020లో పెడితే ఏ ఇబ్బందీ లేదు.

యాడ్-ఆన్‌లు పెట్టే కమ్యూనిటీ ఫోల్డర్‌లో దీన్నొక్కదాన్నే ఉంచి మిగతావన్నీ తీసేశాను. రోలింగ్ క్యాష్ (గేమ్ నెట్ నుంచి తెచ్చి డిస్క్‌లో దాచుకునే డేటా) డిలీట్ చేశాను. మళ్లీ ఇన్‌స్టాల్ చేశాను. ఏమీ మారలేదు.

సీనరీ వివరాలుండే మానిఫెస్ట్ ఫైల్‌ను నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే ‘మినిమమ్ గేమ్ వెర్షన్’ ఎదురుగా 1.37.19 అని ఉంది. రీఫండ్ అడగాలంటే నా చేతిలో ఏదో ఒక ఆధారం ఉండాలి కదా. సీనరీలు తయారుచేసేవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి: ఈ నంబర్‌ను బట్టి ఇది 2020 కోసమే చేసిందని తేల్చి చెప్పవచ్చా?