ఫోన్ చేతిలో లేకపోతే గాబరా: 19-22 ఏళ్ల పిల్లల్లో ఇది అలవాటా, భయమా?

ప్రశ్న (హాస్టల్ ట్యూటర్, రాయగడ, ఒడిశా)
మాక్ టెస్టుకి ఫోన్లు రెండు గంటలు బయట పెట్టిస్తున్నాం. సగం కాకుండానే కొందరికి అరచేతులు చెమటలు, కాళ్లాడించడం, "నీళ్లు తాగొస్తా" అని లేవడం. ఛార్జింగ్ 30కి దిగితేనే కంగారు. పార్వతీపురం వైపు నుంచి వచ్చినవాళ్లూ ఇంతే, ఇక్కడి తెలుగు ఇళ్ల పిల్లలూ ఇంతే. ఫోన్లు ఒక్కసారే లాక్కుంటే దారికొస్తారా?

జవాబు 1 (సైకాలజీ లెక్చరర్, బరంపురం)
లాక్కోకండి. ఫోన్ దగ్గర లేకపోతే కలిగే ఈ భయాన్ని నోమోఫోబియా అంటున్నారు. 2008లో బ్రిటన్‌లో జరిగిన ఒక సర్వేతో ప్రచారంలోకి వచ్చిన మాట. మానసిక జబ్బుల్ని గుర్తించడానికి డాక్టర్లు వాడే పుస్తకం డీఎస్ఎం-5లో ఇది జబ్బుగా లేదు, అందుకని పిల్లల మీద ఆ ముద్ర వెయ్యొద్దు. 2015లో యిల్డిరిమ్, కొరియా అనే ఇద్దరు పరిశోధకులు తయారుచేసిన ప్రశ్నావళి ఉంది: 20 ప్రశ్నలు, ఒక్కోదానికి 1 నుంచి 7. మొత్తం 60 చేరితే మధ్యస్థం, 100 చేరితే తీవ్రం.

స్కోరు కన్నా పనికొచ్చేది అందులోని నాలుగు పాయలు: అవతలివాళ్లతో మాట్లాడలేకపోవడం, సంబంధం తెగిపోవడం, సమాచారం అందకపోవడం, సౌకర్యం పోవడం. "ఇప్పుడు ఫోన్ లేకపోతే ఏమవుద్దని భయం?" అని నేరుగా అడగండి. "అమ్మ ఫోన్ ఎత్తకపోతే ఏడుస్తాది" అన్నవాడికీ, "నన్నొదిలేసి గ్రూపులో ప్లాన్ వేస్తున్నారు" అన్నవాడికీ మందు ఒకటి కాదు. రెండోది ఫోమో, అంటే మనం లేకుండా మిగతావాళ్లు ఏదో చేసేస్తున్నారన్న భయం.

గాబరా పుట్టగానే ఫోన్ చూస్తారు, అది కాస్త చల్లారుతుంది. ఆ చల్లారడమే మళ్లీ చూడమంటుంది. పైగా చాలాసార్లు స్క్రీన్ మీద ఏమీ ఉండదు, ఎప్పుడో ఒకసారి ఉంటుంది. ఎప్పుడొస్తుందో తెలియని బహుమతికే మనిషి గట్టిగా అతుక్కుంటాడు, లాటరీ టికెట్టులాగే.

జవాబు 2 (కౌన్సెలర్, పర్లాకిమిడి)
పద్ధతి చెప్తాను. మొదటి మూడు రోజులు ఏమీ మార్చొద్దు. సెట్టింగ్స్‌లో డిజిటల్ వెల్‌బీయింగ్ తెరిచి రోజుకి ఎన్నిసార్లు అన్‌లాక్ చేశారో రాసుకోమనండి.

తర్వాత ఫోన్ పక్క గదిలో పెట్టి 15 నిమిషాలు. గాబరాకి 0 నుంచి 10 మార్కులు, 5 నిమిషాలకోసారి రాయాలి. మార్కులు పైకెక్కి మళ్లీ దిగేదాకా ఆగాలి, అసలు కిటుకు ఇక్కడే ఉంది. 8 మీద ఉండగా పరిగెత్తుకెళ్లి ఫోన్ తీస్తే "ఫోనే కాపాడింది" అని మెదడు నేర్చుకుంటుంది, ముందుకన్నా చెడుతుంది. ఒక్కసారే లాక్కున్నా ఇదే జరుగుద్ది. 15 నిమిషాలకి గరిష్ఠం సగానికి పడ్డాకే 30, ఆపైన 60, చివర్న మీ 120.

పాడయ్యేది ఎక్కడంటే: బల్ల మీద బోర్లించి పెట్టడం లెక్కలోకి రాదు, చూపు అక్కడే ఉంటుంది. చేతికి స్మార్ట్ వాచ్ ఉన్నా అంతే. "నాకేమైనా మెసేజ్ వచ్చిందా?" అని పక్కవాణ్ణి అడగడం కూడా చూసినట్టే. ఇక సైలెంట్: ఫోమో ఎక్కువున్నవాళ్లు సైలెంట్లో పెడితే ఇంకా ఎక్కువసార్లు తీసి చూస్తారు.

ప్రశ్న వేసినవారు
మరి ఇంట్లో నిజంగానే అర్జెంటైతే?

జవాబు 2
ఆండ్రాయిడ్ ఫోన్లో డు నాట్ డిస్టర్బ్‌లో అమ్మానాన్నల నంబర్లకి స్టార్ పెట్టి, స్టార్ ఉన్న కాల్స్‌కి మాత్రం అనుమతివ్వండి. రిపీట్ కాలర్స్ ఆన్ చేస్తే 15 నిమిషాల్లో అదే నంబరు రెండోసారి చేస్తే మోగుతుంది. ఈ సంగతి ఇంట్లో ముందే చెప్పించండి. మొదటి పాయ, అంటే మాట్లాడలేకపోతామన్న భయం ఉన్నవాళ్లకి దీంతోనే సగం బరువు దిగుతుంది.

జవాబు 3 (జయపురం)
ఒక్క మాట. ఓటీపీ, యూపీఐ, ఘాట్‌లో కరెంటు పోవడం, ఇవి భయాలు కావు, అవసరాలు. జేబులో 200 కాగితం, ఇంటి నంబర్లు రాసిన చీటీ ఉంటే చాలామటుకు తీరిపోతాయి. సాధనకి కోరాపుట్-రాయగడ రైలు భలే పనికొస్తుంది: సొరంగాల్లో సిగ్నల్ దానంతటదే పోతుంది, ఎవరో లాక్కున్నారన్న కోపం ఉండదు.

గుండెదడ, నిద్ర పట్టకపోవడం వారాల తరబడి ఉంటే మాత్రం ఇది ఫోన్ గొడవ కాకపోవచ్చు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి చేస్తే తెలుగు, ఒడియా రెండూ ఉన్నాయి. నేరుగా వెళ్లాలంటే బరంపురం ఎం.కె.సి.జి. మెడికల్ కాలేజీ ఆసుపత్రిలో సైకియాట్రీ విభాగం ఉంది.